ఇద్రీస్ అడిగిన రాగి బిళ్ల

చాయ్ తాగి రాలేదని గురువుగారు బిళ్ల ఇవ్వనన్నారు. ఇద్రీస్‌కి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? మంచుకొండల కింద ఉన్న ఆ ఊళ్లో పొగగొట్టాలు శుభ్రం చేసే పని ఎవరు పడితే వాళ్లు చెయ్యడానికి వీల్లేదు. హబీబ్ బాబా అనే సూఫీ గురువు దగ్గర నేర్చుకోవాలి. ఆయన చేత్తో మెడలో రాగి బిళ్ల వేయించుకోవాలి. బిళ్ల లేనివాణ్ణి ఎవరూ ఇంటి కప్పు ఎక్కనివ్వరు. చలికాలమంతా పడక పక్కనే పొయ్యి వెలిగించుకునే ఊరది. గొట్టం మూసుకుపోతే పొగ గదిలోకి తిరుగుతుంది. పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు.

ఇద్రీస్ పనిమంతుడు. ఏటవాలు కప్పు మీద పిల్లిలా నడుస్తాడు. మసి రంగు చూసి ఆ ఇంట్లో ఏ కట్టెలు కాలుస్తున్నారో చెప్పేస్తాడు. అతనితో పాటు నేర్చుకున్న యూనుస్ ఉత్త నత్తనడక మనిషి. తాడుకి కుంచె ముడి వెయ్యడం కూడా ఇద్రీసే నేర్పాడు అతనికి. ఆ యూనుస్ మెడలో బిళ్ల వేలాడుతోంది. ఇద్రీస్‌కి ఇవాళ కూడా రాకపోతే ఈ చలికాలమంతా యూనుస్ కింద తాడు పట్టుకుని నిలబడాలి. తలుచుకుంటేనే అతనికి తల కొట్టేసినట్టుంది.

ఆఖరి పరీక్షగా బాబా అతన్ని గుల్జాన్ అవ్వ ఇంటికి పంపారు. ఒంటరి ముసలమ్మ. పాత ఇల్లు, మధ్యలో వంపు తిరిగిన గొట్టం. పొద్దున్నే ఇద్రీస్ కప్పెక్కి, ఇనప గుండూ కుంచే కట్టిన తాడు లోపలికి వదిలాడు. వంపు దగ్గర గుండు ఒక్క క్షణం ఆగింది. తాడు గట్టిగా ఊపాడు. జారి, పొయ్యిలో ధనామని పడింది. ఆ చప్పుడు వినపడితే పనైపోయినట్టే లెక్క. దిగి, రాలిన మసి ఎత్తిపోసి, పొయ్యి గట్టు తడిగుడ్డతో తుడిచాడు. కిటికీ గట్టిగా మూసుకుని వెచ్చగా పడుకోమని అవ్వకి చెప్పి, పరుగున గురువు దగ్గరికి వచ్చాడు.

బిళ్ల అప్పటికే బాబా చేతిలో ఉంది.

"అవ్వ ఇంట్లో చాయ్ తాగావా?" అని అడిగారు ఆయన.

లేదన్నాడు ఇద్రీస్. బాబా బిళ్ల తీసుకెళ్లి మేకుకి తగిలించేశారు.

ఆ పనివాళ్లలో ఒక ఆచారం ఉంది. గొట్టం శుభ్రం చేసినవాడే మొదటి మంట వెయ్యాలి. తలుపులు మూసి, ఆ మంట మీద కాచిన చాయ్ అక్కడే కూర్చుని తాగి మరీ లేవాలి. ఇద్రీస్‌కి అది ముసలాళ్లు ఉచితంగా చాయ్ కొట్టెయ్యడానికి కనిపెట్టిన పద్ధతిలా ఉండేది. యూనుస్ మాత్రం ప్రతి ఇంట్లోనూ గ్లాసు పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు.

ఇద్రీస్ ఆగలేకపోయాడు. అక్కడున్న పనివాళ్లందరి ముందూ గురువుని నిలదీశాడు. ఎండలో, మంచులో, చేతులు కొట్టుకుపోయేలా చాకిరీ చేసినవాడికి ఇదా దక్కేది అన్నాడు. యూనుస్ కంటే తాను దేంట్లో తక్కువో చెప్పమన్నాడు.

"చాయ్ తాగడం వచ్చినవాడికి బిళ్ల, పని వచ్చినవాడికి తాడు. ఇదేం న్యాయం బాబా?"

నిజం చెప్పాలంటే, వింటున్నవాళ్లందరికీ ఆ కోపం సబబుగానే అనిపించింది. గురువైనంత మాత్రాన ఏం చేసినా చెల్లుతుందా అని ఒకళ్లిద్దరు గొణిగారు కూడా.

బాబా చేతికర్ర అందుకున్నారు. తాను వచ్చేదాకా పొయ్యి వెలిగించొద్దని అవ్వకి చెప్పమంటూ యూనుస్‌ని ముందు పంపించి, "పద, ఇద్దరం తాగొద్దాం" అన్నారు ఇద్రీస్‌తో.

అవ్వ గుమ్మంలోనే ఎదురైంది. రెండు దుప్పట్లు కప్పుకుని ఉంది. చలి ముసలిదాని ఎముకలు కొరికేస్తుంటే పొయ్యి వెలిగించొద్దని కబురంపుతారా అని బాబాని దులిపేసింది. కుర్రాడు పొయ్యి అద్దంలా తుడిచి వెళ్లాడని, అలాంటివాణ్ణి ఏడిపించడం పెద్దరికం కాదని కూడా అంది. ఇద్రీస్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడేమంటారన్నట్టు గురువు వంక చూశాడు.

బాబా అతన్ని మంట వెయ్యమన్నారు. ఇద్రీస్ వేశాడు. కట్టెలు అంటుకున్నాయి. గదిలో పొగ లేదు. అవ్వ గిన్నె ఎక్కించి, మంచం మీద కూర్చుని చేతులు కాచుకోసాగింది.

"తలుపు వెయ్యి" అన్నారు బాబా. ఇద్రీస్ వేసి గడియ పెట్టాడు.

"కిటికీ కూడా."

ఇద్రీస్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. వేలెడు సందు మిగిలింది. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ సందులోంచి చలిగాలి సూటిగా అవ్వ మీదికి కొడుతోంది. గట్టిగా వెయ్యవయ్యా అంది అవ్వ. అతను కదల్లేదు. పొయ్యి వంక చూశాడు. చూపు మెల్లగా పైకి, గొట్టం గోడలోకి వంపు తిరిగే చోటికి, పొద్దున గుండు ఒక్క క్షణం ఆగిన చోటికి వెళ్లింది.

అవ్వ అతని ముఖం చూసింది. కిటికీ మీద ఉన్న చెయ్యి చూసింది. దుప్పటి కిందికి జారిపోతున్నా సర్దుకోలేదు.

"పొద్దున నన్ను గట్టిగా మూసుకుని పడుకోమన్నావు కదయ్యా" అంది.

ఇద్రీస్ తల దించుకున్నాడు. బాబా లేచి గిన్నెడు నీళ్లు తెచ్చి మంట మీద పోసేశారు. తర్వాత తానే వెళ్లి కిటికీ బార్లా తెరిచారు. ఇద్రీస్ చెయ్యి ఇంకా రెక్క మీదే ఉంది. దాని మీద తన చెయ్యి వేశారు.

"ఇది అబద్ధమాడలేదు. దీన్ని వెంటబెట్టుకుని పైకెళ్లు."

ఇద్రీస్ నిచ్చెన కోసం బయటికి నడిచాడు.