పైన ఊడ్చిన చీలిక

ఓబులేసు వెళ్లిపోతున్నాడన్న మాట దస్తగిరికి వంటసాలలో ఖైరూన్‌బీ నోట తెలిసింది.

"రోడ్డు పని అయ్యేదాకా ఉంటాడంట. ఆ పైన ఊరికి పోతాడంట," అందామె పెనం మీద రొట్టె తిప్పుతూ. "ఆ ఊర్లో ఆయప్పకు ఏముంది? ఇల్లా, వాకిలా? ఉండేది సారాయంగడి ఒకటే."

దస్తగిరి నోటిదాకా తెచ్చుకున్న రొట్టెముక్క మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

తుమ్మెదగుట్ట మీది దర్గాకు ఓబులేసు తాగుడు మానాలని వచ్చినవాడు. అక్కడి గురువు హజ్రత్ అతనికి మందు ఇవ్వలేదు, ఒట్టు పెట్టించలేదు. దీపాలకు నూనె పోసే పని అప్పగించాడు, అంతే. చేతులు వణుకుతూ సగం నూనె నేల మీద పోసే మనిషి, చుక్క జారకుండా పోసేదాకా వచ్చాడు. ఆ గుట్ట మీద ఎవరూ అతని పాత బతుకు ఎత్తేవాళ్లు కాదు.

ఎత్తింది దస్తగిరే. ఒక గురువారం, మొక్కులవాళ్లతో దర్గా కిటకిటలాడుతున్నప్పుడు, కొత్త నూనె డబ్బా కనబడలేదు. అన్నిటికీ తానే పెద్దరికం వహించే దస్తగిరి అందరూ వింటుండగా, ఓబులేసు దిక్కు చూస్తూ అనేశాడు. "డబ్బాకేమన్నా కాళ్లొచ్చి గుట్ట దిగిందా? ఎవరి నాలుకకో పాత రుచి గుర్తొచ్చి ఉంటాది!"

జనం గొల్లున నవ్వారు. వాళ్లు వెళ్లాక డబ్బా జొన్నమూటల వెనక దొరికింది.

దస్తగిరి చెడ్డవాడు కాదు. ఆ పూటే వెళ్లి "తప్పయిపోయిందన్నా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. మళ్లీ ఒకసారి అన్నాడు. ఇంకోసారి చేతులు పట్టుకుని మరీ అన్నాడు. అన్న ప్రతిసారీ ఓబులేసు "పోనీలే దస్తగిరీ" అనేవాడు. కానీ భోజనాల బంతిలో దస్తగిరి పక్కన కూచోవడం మానేశాడు. ఇప్పుడు గుట్టే వదిలిపోతానంటున్నాడు.

దస్తగిరి నేరుగా హజ్రత్ దగ్గరికి వెళ్లాడు. ముసలాయన ఎండలో కూచుని తారు డబ్బాల మూతలు తీసి చూసుకుంటున్నాడు.

"హజ్రత్, ఓబులేసన్న కిందికి పోతే మళ్లీ తాగుతాడు. మీరొక మాట చెప్పండి. ఆగుతాడు."

"మాట అన్నది నేను కాదు కదా."

"నేను అడగాల్సినన్ని మార్లు అడిగినా. తప్పని ఒప్పుకున్నా. ఇంకేం చేసేది? ఆయన బిగుసుకోని కూచుంటే నాదా తప్పు?"

హజ్రత్ డబ్బా మూత బిగించాడు. "మలుపు కాడ చీలిక పెద్దదయింది. రేపు దాన్ని నువ్వు పూడ్చు."

గుట్ట కిందనుంచి దర్గా దాకా ఉన్న తారురోడ్డు ఎప్పుడో వేసిందే. దాన్ని కాపాడుకునే పని మాత్రం దర్గావాళ్లది. చలికి రోడ్డు ముడుచుకుంటుంది, చీలికలు నోరు తెరుస్తాయి. ఆ రోజుల్లోనే తారు పోయాలి, అప్పుడే అది లోపలికంటా దిగుతుంది. వదిలేస్తే వానకు నీళ్లు లోపలికి పోయి అడుగున మన్ను మెత్తబడుతుంది, రోడ్డు కుంగుతుంది. జబ్బు మనుషుల్ని తెచ్చే ఆటోలు ఎక్కలేవు. అందుకని ఏటా చలికాలంలో హజ్రత్ శిష్యులందరినీ రోడ్డు మీదికి దింపుతాడు. వాళ్లకది నమాజంత నియమం.

మరునాడు మలుపు కాడ ఓబులేసు పొయ్యి పెట్టాడు. కోసిన డ్రమ్ములో తారు కాగుతోంది. దస్తగిరి చీపురు తీసుకుని చీలిక పొడుగునా బరబరా ఊడ్చాడు. మూతి ఉన్న డబ్బాతో తారు తెచ్చి, చెయ్యి వణక్కుండా గీత గీసినట్టు పోశాడు. పైన రాతిపొడి చల్లాడు. మిగతావాళ్లు ఇంకా వంగి గోకుతూ ఉండగానే అతని పని అయిపోయింది.

హజ్రత్ అటుగా వచ్చి చూశాడు.

"నల్లగా ఉంది," అని వెళ్లిపోయాడు.

దస్తగిరి దాన్ని మెచ్చుకోలే అనుకున్నాడు.

ఆ మర్నాటి మధ్యాహ్నం ఒక ఆటో మలుపు తిరిగి ఆగిపోయింది. డ్రైవరు మస్తానయ్య దిగి, వెనక చక్రం నుంచి ఏదో బారెడు పొడుగున లాగి పైకెత్తాడు.

"ఏం సామీ, రోడ్డుకు కాటుక పెట్టినారా? అంతా నా టైరుకే అంటుకునింది!"

వేలాడుతున్న ఆ నల్లటి పట్టీని చూసి ఆటోలో ఉన్న అవ్వ "పామురా నాయనా!" అని కాళ్లు పైకి పెట్టేసుకుంది. అందరూ నవ్వారు. దస్తగిరి చెవులు వేడెక్కాయి.

"తారు సరిగ్గా కాగుండదు," అన్నాడు గట్టిగా.

నవ్వు ఆగిపోయింది. పొయ్యి దగ్గరున్న ఓబులేసు తల ఎత్తలేదు. మండుతున్న కట్టెనే మళ్లీ ముందుకు తోశాడు.

తన నోటినుంచి ఏం వచ్చిందో దస్తగిరికి అప్పటికి తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకునేదెట్లా?

హజ్రత్ మస్తానయ్య చేతిలోంచి ఆ పట్టీ తీసుకున్నాడు. పైన నున్నగా మెరుస్తోంది. తిరగేసి దస్తగిరి చేతుల్లో పెట్టాడు. అడుగున తారు కనబడనే లేదు. మందంగా, ఎర్రగా, దుమ్ము.

"ఊడ్చినాను గదా హజ్రత్," అన్నాడు దస్తగిరి సన్నగా.

"పైన," అన్నాడు హజ్రత్.

ఆటోను పంపించి, ఇనుప కొక్కెం తీసుకుని చీలిక పక్కన గొంతుక్కూచున్నాడు. సాయానికి ఎవరో వస్తే వద్దని చెయ్యి ఊపాడు. కొక్కెం లోపలికి పోనిచ్చి మెల్లగా లాగాడు. ఎండిన గడ్డి వేళ్లతో సహా వచ్చింది. మళ్లీ పోనిచ్చాడు. గట్టిబడిన మన్ను వచ్చింది. గాజుపెంకు ఒకటి వచ్చింది, అది తగిలి వేలు తెగింది. ముసలాయన వేలు నోట్లో పెట్టుకుని, తీసి, మళ్లీ కొక్కెం పట్టుకున్నాడు. కుళ్లిన ఆకులు వచ్చాయి. పక్కనున్న కొలిమితిత్తితో గాలి కొట్టాడు. అంత వెడల్పు లేని ఆ చీలికలోనుంచి లేచిన దుమ్ముకు ఆయన గడ్డం ఎర్రబడింది.

దస్తగిరి చూస్తూ నిలబడ్డాడు. చేతిలో పట్టీ బరువుగా ఉంది. దాన్ని రోడ్డు పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి నడిచాడు.

ఓబులేసు చూడలేదు. "కాగింది. తీసకపో," అన్నాడు.

"తారుకు రాలేదన్నా."

అలవాటుగా నాలుక చివరికి వచ్చిన "తప్పయిపోయింది" అన్న మాటను దస్తగిరి మింగేశాడు. మోకాళ్లు మడిచి పొయ్యికి ఇవతల, నేల మీద కూచున్నాడు.

"ఆ గురువారం నేనన్న మాట నీకు యాడ తగిలిందో నాకు తెలీదన్నా. నేనెప్పుడూ అడగలేదు. చెప్పు."

ఓబులేసు చేతిలోని కట్టెతో నిప్పులు ఎగదోశాడు.

"నా బిడ్డ వచ్చింది ఆ పొద్దు," అన్నాడు ఓబులేసు.

దస్తగిరి తల ఎత్తాడు.

"పెండ్లికి గూడా పిలవలేదు నన్ను. తాగి వస్తానని. మానేసినానమ్మా, ఒకసారి వచ్చి చూసిపో అని కబురు మీద కబురు పంపిస్తే వచ్చింది. నువ్వు ఎరగవులే. దీపాల స్తంభం కాడ, పచ్చచీర కట్టుకోని నిలబడింది. నేను చేతులు కడుక్కోని పోదామనుకుంటాండా. అంతలోకే నువ్వంటివి." అతను కట్టె కొసన బూడిద రాల్చాడు. "అందరూ నవ్విరి. ఆ పాప నవ్వలేదు. నా దిక్కు చూసింది. అంతే, మెట్లు దిగి పోయింది. అన్నం గూడా తినలేదు."

"డబ్బా దొరికింది గదన్నా..."

"మీకు దొరికింది. ఆ పాపకు ఎవరు చెప్పినారు?"

దస్తగిరి గొంతులోకి ఒక్కసారిగా ఎన్నో వచ్చాయి. నేను పోతా, నేను చెప్తా, ఆమె కాళ్ల మీద పడతా, తప్పయింది, తప్పయింది. పెదాలు విచ్చుకున్నాయి కూడా. కానీ ఓబులేసు ముఖం చూశాడు. ఆ ముఖంలో మాట అయిపోలేదు.

"ఇంకా చెప్పన్నా," అన్నాడు.

ఓబులేసు కట్టె కింద పడేసి, అతనికి ఎదురుగా చతికిలబడ్డాడు. "మీ వదిన పోయినప్పుడు గూడా ఆ పాప నన్ను అట్లే చూసింది..." అని మొదలుపెట్టాడు.

అప్పుడే తారు కోసం ఖాళీ డబ్బాతో హజ్రత్ అటు వచ్చాడు. ఇద్దరినీ చూశాడు. చప్పుడు కాకుండా వంగి, తారు మాడిపోకుండా డ్రమ్ము కిందినుంచి మండుతున్న కట్టె ఒకటి ఇవతలికి లాగి, ఖాళీ డబ్బాతోనే వచ్చిన దారిన వెళ్లిపోయాడు.