సంధి బడిలో నక్కకు సన్మానం

నల్లకొండ అడవిలో ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాగులన్నీ ఎండిపోయి, అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది. దాని దగ్గరే అడవిదున్నలకూ అడవిపందులకూ చెడింది. రేపు పొద్దెక్కేసరికి కొమ్ములో కోరలో తేల్చుకుందామని రెండు మందలూ పంతం పట్టాయి.

ఆ అడవిలో సంధి బడి అని ఒకటుంది. కొట్లాడుకోకుండా బతకడం ఎలాగో అక్కడ నేర్పుతారు. బడికి పెద్ద నెమలి పింఛయ్య. పాఠం చెప్పేది ముసలి ఎద్దు ఓర్పయ్య. పాఠం కూడా ఒక్కటే. నీ గోడు చెప్పుకునే ముందు ఎదుటివాడి గోడు నీ నోటితో చెప్పాలి. వాడు "ఔను, నేనన్నది ఇదే" అనేదాకా నీ వంతు రాదు.

చదివేవాళ్ళలో సగం దున్నలు, సగం పందులు. ఆ రోజు ఒక్కరూ రాలేదు. కొమ్ములు నూరుకోవడానికి కొందర్ని, కోరలు నూరుకోవడానికి కొందర్ని ఇంటివాళ్ళు పిలిపించుకున్నారు. ఖాళీ బడి చూసి ఎద్దు పింఛయ్య దగ్గరికి నడిచాడు. నిన్నటిదాకా తన ఎదుట పక్కపక్కన కూర్చున్నవాళ్ళు రేపు ఒకరినొకరు పొడుచుకుంటారు.

"అడవికింత ఆపద వస్తే మనం ఊరుకుంటామా?" అన్నాడు పింఛయ్య. "శాంతి మీద మూడురోజుల సదస్సు పెడదాం. ప్రారంభోపన్యాసం నాది."

"అయ్యగారూ, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. తగువు రేపు పొద్దున. మన సదస్సు ఎల్లుండికి గానీ మొదలవదు."

"మరేం చేద్దామంటావు?"

"వాళ్ళ మధ్య మాటలు మోస్తున్నదెవరు?"

"నక్క జిత్తన్న. పాపం, నాలుగు రోజులుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు."

"అతను తిరిగినకొద్దీ తగువు ముదురుతోందేమిటి అని నా అనుమానం. అంత కష్టపడ్డవాడికి సన్మానం చెయ్యొద్దూ?"

సన్మానం అనగానే పింఛయ్య పురి విప్పాడు. ఎందుకు, ఏమిటి అని అడగనే లేదు.

ఎద్దు వెళ్ళి నక్కతో చెప్పాడు. "శాంతిదూత అని బిరుదిస్తాం, జిత్తన్నా. ఇద్దరు పెద్దల్నీ నువ్వే పిలుచుకు రా. నీ మాట కాదనరు."

"ఇద్దర్నీ ఒక్కచోటికా? వద్దులే మావా, వేరువేరుగా కానిద్దాం."

"చూసేవాళ్ళు లేని సన్మానం ఏం సన్మానం? సరేలే, బిరుదు కాకికిస్తాం. అదీ బాగానే తిరుగుతుంది."

"కాకికా! ఆగు మావా, తీసుకొస్తున్నాను."

సాయంత్రానికి బడి నిండింది. దున్నల పెద్ద గండరయ్య ఒకవైపు, పందుల పెద్ద కోరమ్మ ఇంకోవైపు కూర్చున్నారు. నక్క తనవాడేనని ఇద్దరికీ నమ్మకం. పింఛయ్య అడవిమల్లెల దండ వేసి, ఎద్దు తోకతో అదిలించేదాకా ఉపన్యాసం సాగించాడు.

అప్పుడు ఓర్పయ్య లేచాడు. "బడికొచ్చిన అతిథి ఒక పాఠం చెప్పడం మా ఆనవాయితీ. కోరమ్మగారు నీతో ఏం చెప్పి పంపారో ఇప్పుడు గండరయ్యగారికి వినిపించు. ఆవిడ ఔనంటే చాలు."

నక్క కోరమ్మను చూశాడు, గండరయ్యను చూశాడు. "ఏముందిలే... మంచి మాటలే..."

"మంచి మాటలా?" గండరయ్య బుసకొట్టాడు. "'మడుగంతా బురద చేస్తాం, మొనగాడెవడో వచ్చి ఆపమను' అందట. అది మంచి మాటా?"

కోరమ్మ దిగ్గున లేచింది. "నేనా? పురుగులు పీక్కుతింటున్నాయి, పొర్లడానికి దిగువన ఓ మూల వదలండన్నాను! దానికి మీరు 'పందిజాతికి నీళ్ళెందుకు, గుంట తవ్వుకొని చావమను' అనలేదూ?"

"అయ్యో రామ! పొద్దున మేం తాగుతాం, సాయంత్రం మీరు తాగండి అన్నానమ్మా!"

ఇద్దరూ నక్క వైపు తిరిగారు.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదండీ," నసిగాడు జిత్తన్న. "దారిలో మాట కాస్త అటూ ఇటూ..."

"దారిలో కాదు, నీ కడుపులో," అన్నాడు ఎద్దు నెమ్మదిగా. "రెండు మందలూ పొడుచుకు చస్తే వేసవంతా నీకు విందే."

గండరయ్య కాలు దువ్వాడు. "వీణ్ణి ఇక్కడే..."

"ఆగండయ్యా, ఇది బడి. ముందు మీ ఇద్దరి పని కానివ్వండి."

గండరయ్య పందుల గోడు తన నోటితో చెప్పాడు. మూడుసార్లు "కాదు, మళ్ళీ చెప్పండి" అంది కోరమ్మ. నాలుగోసారి "ఔను, నేనన్నది ఇదే" అంది. ఆమె వంతు ఒక్కసారికే తెమిలింది. చీకటి పడకముందే ఎగువ ఒడ్డు తాగడానికి, దిగువ మూల పొర్లడానికి అని తేలిపోయింది.

మర్నాడు పిల్లలంతా బడికొచ్చారు. ఓర్పయ్యకు ఏడుపొచ్చింది. కంట్లో ఈగ పడిందని పింఛయ్యకు చెప్పాడు.

జిత్తన్నకు బిరుదు పోయింది గానీ బడి తప్పలేదు. ఒకటో తరగతిలో అటొక దున్నను, ఇటొక పందిని పెట్టి మధ్యన కూర్చోబెట్టారు. విన్నమాట విన్నట్టు చెప్పిన రోజున వెళ్ళిపోవచ్చన్నారు. మూడు వానాకాలాలు గడిచాయి, ఇంకా అక్కడే ఉన్నాడు.

నీతి: నడిమివాడు తెచ్చిన మాటకు కాలు దువ్వకు, అన్నవాణ్ణే ఎదుట కూర్చోబెట్టుకొని అడుగు.