వేరేవాళ్ళ మాటకు వదిలిన జాగా

మేడపాడులో తెలివనేది తమ ఇంటి వాకిట్లో మొదలై తమ పెరట్లోనే ఆఖరవుతుందని వీరభద్రం గట్టి నమ్మకం. తమ్ముడు సన్యాసి ఔననేవాడు. భార్య వరహాలు ఇంకా గట్టిగా ఔననేది. అందుకే పాత పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించే సేవాసంఘం వాళ్ళు, ఊరికే పనిచేసి పెట్టేవాళ్ళు కావాలనగానే ముగ్గురూ ముందుకు దూకారు.

వీధి చివరింటి రాజ్యలక్ష్మమ్మగారు వాళ్ళ నాన్న రాసిన పుస్తకం తెచ్చిచ్చింది. లోకంలో మిగిలిన ప్రతి అదొక్కటే. అందులో ఒక పేజీ నిండా వాళ్ళమ్మ చెప్పిన మాటలున్నాయి. ఈవిడ పురిటికందుగా ఉండగానే పోయిన తల్లి.

"చూపు ఆనడం లేదు నాయనా. పెద్దక్షరాల్లో కొట్టిస్తే, పోయేలోగా అమ్మ మాట ఇంకొక్కసారి చదువుకుంటాను" అంది.

సంఘం వాళ్ళు ఫోన్లో రెండే ముక్కలు చెప్పారు. వేరేవాళ్ళ మాట పొడుగ్గా వస్తే రెండువైపులా జాగా వదిలి లోపలికి జరపాలి. ఆఖర్న పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, తేడా ఉంటే దిద్దాలి.

"ఒరే సన్యాసీ, ఈ పుస్తకం నువ్వు రాశావా?" అన్నాడు వీరభద్రం.

"అబ్బే, లేదన్నయ్యా."

"వరహాలూ, నువ్వు?"

"నాకెక్కడ తీరికండీ!"

"నేనూ రాయలేదు. అంటే మొదటినుంచి చివరిదాకా వేరేవాళ్ళ మాటే!"

అంతే, పుస్తకం మొత్తాన్ని లోపలికి జరిపేశారు. రాసినాయన తన భార్య అన్నది చెప్పాడు, ఇంకాస్త జరిపారు. ఆవిడ తన అత్తగారు అన్నది చెప్పింది, మరికాస్త జరిపారు. అత్తగారు ఊరుకుంటుందా, పక్కింటావిడ అన్నది ఎత్తుకుంది. ఇంకేముంది, అటు జాగా ఇటు జాగా వచ్చి మధ్యలో కలుసుకున్నాయి. మాట నిలబడే చోటే లేక పేజీ తెల్లగా మెరిసిపోయింది.

"మాటలు కనపడట్లేదేమిటండీ?" అంది వరహాలు.

"జాగా కనపడుతోందా లేదా? వాళ్ళు వదలమన్నది జాగాయే!" అని కసిరాడు వీరభద్రం. తెలివైనవాడికి ఇంట్లోనే విలువ లేదని నొచ్చుకున్నాడు కూడా.

రాజ్యలక్ష్మమ్మగారు వచ్చింది. అచ్చుతీసిన కాగితాల్లో ఆత్రంగా ఆ పేజీ తీసింది. తెల్లకాగితాన్ని వేళ్ళతో తడిమింది.

"అమ్మ మాటలేవి నాయనా?"

వీరభద్రానికి మాత్రం గర్వం పొంగుకొచ్చింది.

"జరపాల్సినంతా జరిపామండీ. ఆవిడ మాట ఎంత లోపల ఉందో చూడండి!"

"నీకో దణ్ణం. నా పాత పుస్తకం నాకిచ్చెయ్. భూతద్దం పెట్టుకునైనా కూడబలుక్కుని చదువుకుంటాను."

సన్యాసి పరుగున వెళ్ళి పుస్తకం తెచ్చిచ్చాడు. ఆవిడ తెరిచింది. రంగు వాసన గుప్పుమంది. పేజీ ఇంకా తడిగానే ఉంది.

"పక్కపక్కన పెట్టి చూశామండీ" అన్నాడు వీరభద్రం మీసం దువ్వుకుంటూ. "మేం కొట్టినదాంట్లో లేని అక్షరాలు మీ పాతదాంట్లో బోలెడున్నాయి. కిటికీలకి తెచ్చిన తెల్లరంగు మిగిలుంటే, మావాడు ఓపిగ్గా ఒక్కొక్కటే దిద్దేశాడు. ఇప్పుడు రెండింటికీ తేడా చూపించండి చూద్దాం!"