కడిగిన ఖోకాలు

1974 నవంబరు 10, ఆదివారం. తెల్లవారేటప్పుడు సన్నగా మంచు పట్టింది, తొమ్మిదయ్యేసరికి విడిపోయింది. గాలి లేదు. గాలి సంగతి ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నిరంజనరావుకు తిట్టడానికి గాలి కూడా లేకపోయింది. మూడు వందల గజాల దూరంలో అతని రైఫిల్ గుళ్ళు పదింటిలో రెండు గురిని దాటి పైకి పోతున్నాయి.

"మాస్టారూ, ఏ కంపెనీ ఖోకా మంచిది?" అని అడిగాడు.

తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని మావాళ్ళు ఖోకా అంటారు. దాన్ని పారెయ్యరు. మళ్ళీ తూచిన మందు పోసి, కొత్త గుండు బిగించి వాడుకుంటారు. సికింద్రాబాదు అవతల ఉన్న మా రైఫిల్ క్లబ్బులో ఈ పని నేర్పినవారు ఎల్లమంద మాస్టారు. పల్నాటి మనిషి, సైన్యంలో పాతికేళ్ళు తుపాకులు బాగుచేసి వచ్చారు. ఏమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. క్లబ్బు కార్యదర్శిగా ఆ పనులు సగం నా నెత్తినే పడేవి, అది వేరే విషయం.

"పదకొండేళ్ళుగా అందరిదీ ఇదే ప్రశ్న," అన్నారు మాస్టారు విసుగ్గా. "ఏది మంచిది, ఏది మంచిది! సంతలో ఎద్దుల్ని కొనేవాడైనా ఇంకో మాట అడుగుతాడు. అమ్మాయ్, ఆ సిరంజి ఇలా ఇవ్వు."

అమ్మాయంటే రత్నకుమారి, రైల్వే ఆస్పత్రిలో నర్సు. నిరంజనరావుతో పాటే పోటీకి తయారవుతోంది. సిరంజితో నిరంజనరావు తన నలభై ఖోకాల్లో అంచుదాకా నీళ్ళు నింపి, ఒక్కోదానిలో ఎన్ని పట్టాయో కాగితం మీద రాశాడు. మధ్యాహ్నమైంది. పైకి అన్నీ ఒకే కొలత. లోపల మాత్రం పద్నాలుగే సరితూగాయి. గోడ మందంగా ఉన్నదాంట్లో చోటు తక్కువ. అదే మందు ఇరుకులో కాలితే గుండును ఇంకా గట్టిగా తంతుంది. నేను ఫిజిక్సు చదివినవాణ్ణి, ఈ మాట ఒక్క నిమిషంలో చెప్పగలిగేవాణ్ణి. నన్నెవరూ అడగలేదు.

"ఇవి ఎక్కడివి?" అని అడిగారు మాస్టారు.

"మైదానంలో ఊడ్చినవండి. అందరివీ ఉంటాయి."

మాస్టారు తల పట్టుకున్నారు. రాష్ట్ర జట్టులోకి నలుగురినే తీసుకుంటారు. ముందటి రెండేళ్ళూ నిరంజనరావు ఐదోవాడు. ఎంపిక వచ్చే ఆదివారమే. నలభై ఏళ్ళు దాటితే తీసుకోరు. అతనికి మార్చిలో నలభై నిండుతాయి. ఇవన్నీ మాస్టారికి తెలుసు. అందుకే తన అలమారాలోంచి ఒక రేకుపెట్టె తీశారు. అందులో నలభై ఖోకాలు, ఒకేసారి కొన్నవి, ఒకే రైఫిల్లో పేలినవి. పేలిన ప్రతిసారీ ఆయన ఖోకా అడుగున ఒక నల్ల సిరా చుక్క పెట్టేవారు. అన్నిటికీ నాలుగేసి చుక్కలున్నాయి. ఇత్తడి మెత్తబడేందుకు మెడలు కాల్చినందువల్ల పొయ్యిలోంచి తీసినట్టు నీలంగా, మసిగా ఉన్నాయి.

"వీటితో కొట్టు. ఇంకేమీ చెయ్యకు," అన్నారు.

ఇంకేమీ చెయ్యకు అంటే మనవాళ్ళకు ఎంత కష్టమో! మా అమ్మ శుక్రవారం ఇత్తడి బిందెలు తోమిన తర్వాత కూడా మళ్ళీ ఒకసారి తోమేది. నిరంజనరావు ఆ పెట్టె ఇంటికి తీసుకెళ్ళాడు. మసిని చూసి అతనికి మనసొప్పలేదు. మిగతా జిల్లాలవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? చింతపండు నానేసి, బూడిద కలిపి తోమాడు. ఎలాగూ చెయ్యి పెట్టాం కదా అని తాను ఊడ్చిన నలభై కూడా అదే గంగాళంలో వేశాడు.

శనివారం పొద్దున ఎనభై ఖోకాలు తళతళా మెరుస్తూ బల్లమీదకొచ్చాయి. అన్నిటి మీదా ఒకే ఫ్యాక్టరీ ముద్ర. ఒక్కదాని మీదా చుక్క లేదు.

రత్నకుమారి ఒకటి తిప్పి చూసి, "పేరంటానికి పట్టుకెళ్తారా నిరంజన్ గారూ?" అంది.

"నవ్వకండి సిస్టర్. మళ్ళీ నీళ్ళు పోసి చూశాను. సరిగ్గా సరిపోయినవి నలభై ఏరాను."

మాస్టారు ఒకదాన్ని తిరగేసి అడుగు చూశారు. తర్వాత అడిగారు: "నీళ్ళు చోటెంతో చెప్తాయి. వయసు చెప్తాయా?"

నాలుగుసార్లు పేలినదేదో, పన్నెండుసార్లు పేలి మెడ బిరుసెక్కి గుండును సమంగా వదలనిదేదో ఇక ఎవరికీ తెలియదు. వేరేవి తెచ్చుకునే వేళ దాటిపోయింది. చిట్లినవి లేవని ఒక్కొక్కటే వెలుగులో చూసి, మాస్టారు పొమ్మన్నారు.

ఆదివారం ముప్ఫై ఆరు గుళ్ళు గురిలోకే వెళ్ళాయి. నాలుగు ఎక్కడికో పోయాయి. రెండు పాయింట్ల తేడాతో నిరంజనరావు మళ్ళీ ఐదోవాడయ్యాడు. నాలుగో స్థానం రత్నకుమారిది. ఆమె ఖోకాలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి, ఒక్కోదానికీ చుక్కలు మాత్రం ఉంటాయి.

మరుసటి ఏప్రిల్లో మాస్టారు మంచం పట్టి, నన్ను పిలిచి కాగితం రాయించారు. ఆ నెల దాటలేదు ఆయన. తూటాలు బిగించే ప్రెస్సూ, త్రాసూ రత్నకుమారికి వచ్చాయి. రైఫిలు, లైసెన్సున్న ఆయన తమ్ముడికి పోయింది. పాతికేళ్ళ నోటుపుస్తకాలు, గురి అంటే ఏమిటో తెలియని నాకు దక్కాయి. నిరంజనరావు పేరు కాగితంలో లేదు.

రాసే రోజు అతను మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. చివరిదాకా విని, ఉండబట్టలేక అన్నాడు: "నాకేమీ లేదా మాస్టారూ? పోనీ, మీ నలభై ఖోకాలైనా నాకని రాయించండి."

మాస్టారు కళ్ళు తెరిచి అతని వైపు తిరిగారు.

"నావి ఏవో ఏరి తీసుకురా నాయనా. రాయిస్తాను."