చెలమ కాపరి ఎన్నిక

అనగనగా, పిల్లలూ, వేసవి వస్తే వాగు ఎండిపోయే ఒక అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. వాగు ఎండితే నేల మీది జంతువులకు దిక్కు ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే. ఇసుక జారి అది పూడిపోతూ ఉంటుంది కదా, రోజూ తవ్వడానికి ఒక కాపరి కావాలి. కిందటేడు కాపరి సరిగ్గా తవ్వలేదు. సూదమ్మ ముగ్గురు పిల్లల్లో ఒక బిడ్డ దాహంతో చనిపోయింది. ఈసారి కాపరిగా ఎవరొస్తారోనని ఆమెకు ఒకటే దిగులు.

పోటీలో ఇద్దరు నిలబడ్డారు. ఒకరు పింఛయ్య అనే నెమలి, మరొకరు బంటన్న అనే ఎలుగుబంటి. అడవికంతా వార్తలు చెప్పేవి గోరింకలు. వాటికి పింఛయ్యంటే పిచ్చి ఇష్టం.

మొదటి రోజు పొద్దున్నే, "బంటన్న వట్టి బద్ధకస్తుడు! పగలంతా గుర్రు పెట్టి నిద్రపోతాడు!" అని అరిచాయి.

రెండో రోజు, "పింఛయ్య నిలబడితే చెలమకే అందం!" అన్నాయి.

మూడో రోజు, "అడిగి చూశాం. అందరూ పింఛయ్యకే! ఇంక ఓటుకు రావడం కూడా దండగే!" అన్నాయి.

పక్క బొరియలోని కుందేలు నిట్టూర్చింది. "అంతా అయిపోయిందట కదా సూదమ్మక్కా. ఇంక మనం వెళ్లి ఏం చేస్తాం?"

"వాళ్లు అయిపోయిందంటే అయిపోయినట్టేనా? ఉండు, చూసొస్తాను," అంది సూదమ్మ.

మండే ఇసుకలో, ఆ పొట్టి కాళ్లతో, అంత దూరం నడవడమంటే మాటలా? అయినా నడిచింది. ముందు పింఛయ్య దగ్గరికి వెళ్లింది. "బాబూ, ఒక్కసారి తవ్వి చూపించవూ?" అని అడిగింది.

"ఇప్పుడా? పింఛానికి ఇసుక అంటుకోదూ! గెలిచాక చూద్దాంలే," అన్నాడు పింఛయ్య.

అక్కణ్ణించి బంటన్న దగ్గరికి వెళ్లింది. అతను నిజంగానే గుర్రు పెడుతున్నాడు. గోరింకలు అబద్ధం చెప్పలేదు సుమా! కానీ అతని గోళ్ల నిండా తడి ఇసుక. పక్కనే లోతైన గుంట, దాని అడుగున తేట నీళ్లు. ఎవరూ అడగకుండానే, ఎండ ఎక్కకముందే తవ్వి పడుకున్నాడు. సూదమ్మ కళ్లు చెమర్చాయి.

తిరిగొచ్చి ఆమె ప్రతి బొరియకూ వెళ్లింది. ఫలానావారికి వెయ్యండని ఒక్క మాట అనలేదు. "నేను చూసొచ్చాను. మీరూ వెళ్లి చూసి రండి," అంది. అదీ సూదమ్మ అంటే! ఆ మాట విని ఒక్కొక్కరే వెళ్లి ఇద్దరినీ చూసొచ్చారు.

ఎన్నిక రోజు వచ్చింది. ఒక్కొక్కరే గుహలోకి వెళ్లి, అక్కడున్న రెండు సొరకాయ బుర్రల్లో తమకు నచ్చినవారి దాంట్లో ఒక చింతగింజ వేసి వచ్చారు. సాయంత్రం చూస్తే బంటన్న బుర్ర నిండి పొర్లింది.

గోరింకలు నోళ్లు వెళ్లబెట్టాయి. "మేం అందరినీ అడిగాం కదా!" అంది పెద్ద గోరింక.

"కొమ్మల మీదున్న వాళ్లను అడిగారు తల్లీ," అంది సూదమ్మ. "మీకు రెక్కలున్నాయి, దూరపు చెరువుకు ఎగిరిపోతారు. చెలమ లేకపోతే చచ్చేది బొరియల్లో ఉన్న మేము. మమ్మల్ని ఎవరడిగారు?"



ఆ ఏడు రోహిణి ఎండలకు దూరపు చెరువు కూడా ఎండిపోయింది. గోరింకలు బెరుకుబెరుకుగా చెలమ దగ్గరికి వచ్చాయి. అక్కడ సూదమ్మ పిల్లలిద్దరూ కడుపునిండా నీళ్లు తాగుతున్నారు. సూదమ్మ వాళ్లను పక్కకు జరిపింది.

"రండమ్మా, తాగండి. ఈ నీళ్లు ఎవరు తవ్వుతున్నారో కళ్లారా చూడండి. రేపు పొద్దున ఆ వార్త చెబుదురుగాని," అంది.

నీతి: అందరూ అంటున్నారని కాదు, మనం స్వయంగా చూసి తెలుసుకుని ఓటు వెయ్యాలి.