పాలచావడి గాటు

ఒకానొక రాజ్యంలో, పొద్దు పొడిచి సరిగ్గా నాలుగు ఘడియలైన వేళ, ఆస్థాన క్షురకుడు పోలయ్య భువనకేసరి మహారాజుగారి ఎడమ చెంప గీస్తున్నాడు.

"పోలయ్యా, నిన్న కుమ్మరివీధి మీదుగా వెళ్లాం. పిల్లలందరివీ నున్నటి గుండ్లే! మా పాలనలో భక్తి ఎంత పెరిగిందో చూశావా?"

"చూడకేం ప్రభూ, ఆ గుండ్లన్నీ నేను గీసినవే."

పక్కనే ఉన్న మంత్రి విశ్వంభరుడు అందుకున్నాడు. "భక్తే కాదు ప్రభూ, పిల్లల ఎత్తూ పెరిగింది. నిరుడు పాలచావడిలో తొమ్మిది వందల మంది పేదపిల్లలు పాలు తాగేవారు. ఈ ఏడు మూడు వందలే. మిగతావాళ్లంతా గాటు దాటేశారు!"

రాజు మీసం దువ్వబోయి, కత్తి గుర్తొచ్చి ఆగాడు.

పాలచావడి ద్వారబంధానికి ఒక గాటు ఉంది. తల దానికి కిందుగా ఉన్నవాళ్లు పిల్లలు. వాళ్లకు రోజూ గిన్నెడు పాలు. తల గాటు దాటితే పెద్దవాళ్లు, పని చూసుకోవాలి. ఏడాదిలో ఆ గాటు రెండుసార్లు కిందికి దిగిందని పోలయ్యకు తెలుసు. జుట్టు మందమైనా తగ్గుతుందని తల్లులు గుండ్లు కొట్టిస్తున్నారనీ తెలుసు.

ఆ ఉదయమే కుమ్మరి నాంచారి అయిదేళ్ల కూతుర్ని తెచ్చి కూర్చోబెట్టింది. "ఇంకొంచెం లోతుగా గియ్యి తాతా. అరవేలు తేడాతో నిన్న గెంటేశారు. దానికి ఆ పాలే కూడు."

నున్నటి తల నిమిరి పోలయ్య, "ఇంక తీయడానికి తలే మిగిలిందమ్మా," అన్నాడు.

ఇప్పుడు కత్తి ఆపి అడిగాడు: "ప్రభూ, గాటు దాటితే పెద్దవాళ్లన్న శాసనం పేదలకేనా, అందరికీనా?"

"మా శాసనానికి హెచ్చుతగ్గులా? రాజ్యమంతటికీ ఒకటే!"

మంత్రి దగ్గాడు. అప్పటికే ఆలస్యమైంది. తివాచీ మీద నాలుగున్నరేళ్ల యువరాజు వెండిగిన్నెలో పాలు తాగుతున్నాడు. పోలయ్య తన కత్తుల పొదిలోంచి దారం తీశాడు. వచ్చే దారిలో చావడి దగ్గర ఆగి, గాటు ఎత్తుకు తెంపుకొచ్చిన దారం అది. యువరాజును నిలబెట్టి కొలిచాడు. వెన్న తిని పెరిగిన తల రెండు వేళ్లు పైకుంది.

పోలయ్య వెండిగిన్నె తీసి పక్కన పెట్టాడు. కత్తి తుడిచి గుడ్డలో చుట్టాడు.

"ఏమిటిది? కుడి చెంప?"

"ఇక గీయకూడదు ప్రభూ. వారసుడు పెద్దవాడైన రోజున రాజు కిరీటం అప్పగించి అడవికి వెళ్లడం తమ వంశాచారం. అడవికి వెళ్లేవారికి క్షౌరం నిషిద్ధం. తెలియక సగం గీశాను, మన్నించాలి." పోలయ్య యువరాజు ముందు వంగి దండం పెట్టాడు. "కొత్త ప్రభువుల ఆజ్ఞ?"

"నా పాలు ఇచ్చెయ్!" అన్నాడు కొత్త ప్రభువు.

రాజు అద్దంలో చూసుకున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా ఉంది. మంత్రి వైపు తిరిగాడు. "గాటు దించిందెవరు?"

"ఖర్చు తగ్గుతుందని, ప్రభూ..."

"దాంతోపాటు నన్నూ దించేశావు కదయ్యా!" అని రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వేలి ఉంగరం తీసి పోలయ్యకిచ్చాడు. "ఇప్పుడైనా ఈ చెంప గియ్యి."

"గాటు లేచాక, ప్రభూ."

వడ్రంగి పరుగెత్తాడు. అతను తిరిగొచ్చేదాకా మహారాజు చెంపకు అరచెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు.

తొమ్మిదో రోజున పోలయ్య కుమ్మరివీధికి వెళ్తే గుండు గీయించుకునే పిల్లే దొరకలేదు. నాంచారి కూతురు పాలమీసంతో ఎదురొచ్చింది. చావడి గోడ మీద కొత్త శాసనం చెక్కి ఉంది: 'ఈ గాటు ఎల్లప్పుడూ యువరాజుగారి తలకు జానెడు ఎత్తున ఉండవలెను.'

పోలయ్య రెండుసార్లు చదివాడు. పేదపిల్లల మాట గానీ, పాల మాట గానీ అందులో ఎక్కడా లేదు.