ఎర్రదారం కట్టిన అనపకాయలు

అనగనగా, కొండలకు ఇంకా ఎదిగే వయసున్న కాలంలో, ఒక పెద్ద ఆవుల దొడ్డి ఉండేది. ఎంత పెద్దదంటే, పొద్దున్నే మంద కదిలితే ఆ దుమ్ములో దారి కనబడక సూర్యుడు మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఇది కూడా నేను తగ్గించే చెబుతున్నాను.

ఆ దొడ్డి యజమాని బీరన్న. దొడ్డి పక్కనే అతని తాతలనాటి అనప చేను. ఆ గింజల పులుసు రుచిని నేనొకసారి ఒక ఊళ్ళో వర్ణించాను. ఊరు ఊరంతా మధ్యలో లేచి వెళ్ళి, రెండోసారి సంగటి తిని వచ్చి కూర్చుంది.

ఆ నేలలో ఒక ఆచారం ఉండేది. కాయ ముదిరే వేళ చేనంతా తిరిగి, గింజ నిండుగా పట్టిన కాయలకు ఎర్రదారం కట్టేవారు. దారం కట్టిన కాయను ఎవరూ కోయరు. అది చెట్టునే ఎండాలి, మరుసటి ఏటికి విత్తనం కావాలి. ఎవరికైనా విత్తనం ఇస్తే ఆ దారంతోనే ఇస్తారు. పుచ్చుకున్నవాళ్ళు మంచిదేనా అని అడగరు. అడిగితే ఇచ్చినవాణ్ణి దొంగ అన్నట్టే.

ఇలా ఉండగా గుట్ట వెనక బంగారం దొరికింది. పసిడిగుంత అని ఒక గనుల ఊరు లేచింది. అక్కడి పలుగుల మోతకు తట్టుకోలేక, కాస్త నిద్రపోనివ్వండి అని పాతాళంవాళ్ళు పైకి కబురు పంపారు.

తవ్వేవాళ్ళకు తిండి కావాలి కదా. మల్లిశెట్టి అనే వర్తకుడు బండి కట్టుకుని వచ్చాడు. మొదటి ఏడు దారం లేని కాయలన్నీ తీసుకుని, బదులుగా బీరన్న మందలోని ముసలి కర్రావు మెడలో కంచు గంట కట్టి వెళ్ళాడు.

ఆ రోజుల్లో ఆవులు అవసరమైతే మాట్లాడేవి. "గంట బాగుంది బీరన్నా," అంది కర్రావు. "దీని మోత విని శెట్టి మళ్ళీ వస్తాడు."

రెండో ఏడు శెట్టి జరీ తలపాగా తెచ్చాడు.

"ఈసారి ఆ దారం కట్టినవి కావాలి. గని దొర ఇంట్లో విందు."

"అవి విత్తనాలు, శెట్టీ."

"దారాన్ని నేనడిగానా? దారం నువ్వే ఉంచుకో."

ఆ మాట బీరన్నకు నచ్చింది. నచ్చకపోయి ఉంటే ఎంత బాగుండేది. నిండు కాయల దారాలు విప్పి, చేను మూలనున్న, గింజ పట్టని తాలు కాయలకు కట్టాడు.

"ఆచారం తప్పానా? దారం కట్టాను కదా," అన్నాడు.

"కట్టావు," అంది కర్రావు. "దారాన్ని చూసి గింజ నిండుతుందేమో, కాచుకుని చూద్దాం."

మూడో ఏడు పంట సగమైంది. శెట్టి వెండి పొన్ను కర్ర ఇచ్చి నిండు కాయలన్నీ మళ్ళీ పట్టుకుపోయాడు. ఆ ఏడే లోయలో వాగు పొంగి, బీరన్న చెల్లెలు సుంకమ్మ అత్తింట దాచుకున్న విత్తనం కొట్టుకుపోయింది. ఆమె పుట్టింటికి నడిచివచ్చింది.

"అన్నా, ఒడి నిండా విత్తనం పెట్టు. పిల్లలకు ఏడాది తిండి ఇదే."

బీరన్న దగ్గర ఎర్రదారం కట్టిన తాలు కాయలే మిగిలాయి. వాటినే ఒడిలో పోశాడు. సుంకమ్మ ఎర్రదారం చూసుకుని కళ్ళకు అద్దుకుని వెళ్ళిపోయింది.

"పిలువు బీరన్నా," అంది కర్రావు. "ఇంకా గుట్ట దాటలేదు."

"ఏమని పిలవను?"

"చెల్లీ అని."

బీరన్న పిలవలేదు. తలపాగా సర్దుకున్నాడు.

నేను కేకేస్తే రెండు రాజ్యాల కాకులు ఒక్కసారి లేస్తాయి. ఆనాడు నేనక్కడ ఉంటే పిలిచేవాణ్ణి. ఉండలేకపోయాను.

మరుసటి ఏడు బంగారం అడుగంటింది. పసిడిగుంతలో గాలి తప్ప ఎవరూ మిగల్లేదు. బీరన్న చేలో ఒక్క మొలక రాలేదు. మేత లేక మంద చెదిరిపోయింది. చెల్లెలిది ఒండ్రు నేల, అక్కడైనా గింజ కోలుకుని ఉంటుందని అతను లోయకు నడిచాడు.

సుంకమ్మ చేను బోసిగా ఉంది. పిల్లలు అడవి దుంపలు ఉడకబెట్టుకుంటున్నారు. ఆమె అన్నకు చెంబుతో నీళ్ళిచ్చింది.

"విత్తనం ఏమైనా మిగిలిందా, చెల్లీ?"

"మొలవనేలేదన్నా."

"వలిచినప్పుడు చూసుకోలేదా?"

"చూశాను. తాలుగానే కనబడ్డాయి. కట్టింది నువ్వు కదా అని విత్తాను."

బీరన్న నీళ్ళు తాగలేకపోయాడు.

ఇప్పుడు మనం తినే అనపగింజలు వేరు. ఆనాటి గింజల కోసం నేను ఏనుగునెక్కి ఏడు దేశాలు తిరిగాను, దొరకలేదు. గుర్తును నిలిపి గుణాన్ని మార్చినవాడు తన చేనుతోపాటు తనను నమ్మినవాళ్ళ చేనునూ ఎండబెడతాడు.